రిమ్‌ఫైర్ రైఫిల్‌కి సప్రెసర్: సులువుగా విప్పి కడుక్కోగలిగేది ఏది?

వైట్‌ఫీల్డ్_తమ్ముడు:
అందరికీ నమస్కారం. మా అన్నయ్య టెక్సస్‌లో ఆస్టిన్‌కి కాస్త దూరంలో ఊరి బయట పొలం తీసుకున్నాడు. ఆయనకు అక్కడి పౌరసత్వం ఉంది. రూగర్ 10/22 అనే .22 రిమ్‌ఫైర్ రైఫిల్ ఉంది, బారెల్ కొసన మరలు కోసి వచ్చిన మోడల్. సాయంత్రం పూట డబ్బాలు పెట్టి కాలుస్తుంటే పక్క పొలంలో గుర్రాలు బెదురుతున్నాయట. పైగా వాళ్ల పెద్దవాడు కూడా గురి నేర్చుకుంటానని కూర్చున్నాడు, వాడి చెవులకేమవుతుందోనని వదినకు భయం. అందుకే సప్రెసర్, అంటే బారెల్ కొసన బిగించే, చప్పుడు తగ్గించే గొట్టం కొనాలనుకుంటున్నాడు.

నేను ఇక్కడ బెంగళూరు క్లబ్బులో .22 ప్రోన్ (పడుకుని కాల్చే పద్ధతి) కాలుస్తాను కాబట్టి నాకు తెలిసుంటుందని అడుగుతున్నాడు. మన దగ్గర వాటిని ముట్టుకునే పనే లేదు కదా, అందుకని ఇక్కడ అడుగుతున్నాను. ఆయనది ఒకటే షరతు. వాడిన తర్వాత ఇంట్లో తనే విప్పి, కడిగి, మళ్లీ బిగించుకోగలగాలి. ఎంత నిశ్శబ్దం, ఎంత బరువు అన్నవి తర్వాతి సంగతి.

మోడరేటర్:
చర్చ సాగనిస్తున్నాను. ముందుగా ఒక మాట మాత్రం అందరూ చదవండి. ఇది పూర్తిగా అమెరికాలో, అక్కడి చట్టం ప్రకారం కొనుక్కునే వస్తువు గురించి. మన దేశంలో 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నియమాల కింద తుపాకి చప్పుడు తగ్గించే ఉపకరణాలు నిషిద్ధం కోవలో ఉన్నాయి. చేతిలో లైసెన్సున్నా, పోటీలు ఆడుతున్నా తేడా లేదు. అమెరికా నుంచి వచ్చేటప్పుడు సూట్‌కేసులో ఒక్క బాఫిల్ (సప్రెసర్ లోపలి అడ్డుబిళ్ల) ముక్క కూడా తీసుకురావద్దు. క్లీనింగ్ కిట్ల పేరుతో ఆన్‌లైన్‌లో అమ్మే గొట్టాల జోలికీ పోవద్దు. తయారీ గురించి ఎవరు రాసినా ఆ పోస్టు తీసేస్తాను.

రేంజ్_కోచ్:
మంచి ప్రశ్న అడిగారు. "కడుక్కోవడం తేలికగా ఉండాలి" అన్నదాన్ని మొదట పెట్టారంటే మీ అన్నయ్య సరైన దారిలోనే ఉన్నారు. రిమ్‌ఫైర్‌కి అదే మొదటి లెక్క.

ఎందుకో చెప్తాను. 10/22లో వాడే .22 ఎల్‌ఆర్ (లాంగ్ రైఫిల్) 1887 నాటి తూటా, డిజైన్ పెద్దగా మారలేదు. బుల్లెట్ ఉత్త సీసం, పైన మైనమో గ్రీజో పూత, లేదంటే పలచటి రాగి పూత. తుపాకి మందు అంటుకోవడానికి కావలసిన మిశ్రమం తూటా అంచు (రిమ్) లోపల ఉంటుంది, రిమ్‌ఫైర్ అన్న పేరు అందుకే. అందులోనూ సీసపు సమ్మేళనమే, లెడ్ స్టిఫ్‌నేట్, దానితోపాటు గాజుపొడి. ఒక్కసారి పేలితే సీసం ఆవిరి, మైనం, కాలీకాలని మందు, గాజు రజను అన్నీ కలిసి ముందుకు తోసుకొస్తాయి. ఖాళీ బారెల్ అయితే చాలా భాగం గాల్లోకి పోతుంది. సప్రెసర్ ఉంటే అందులో ఆగుతుంది, చల్లబడుతుంది, గోడలకు అంటుకుని గట్టిపడుతుంది.

పెద్ద సెంటర్‌ఫైర్ (తూటా అడుగు మధ్యలో అంటుకునే) రైఫిళ్లలో ఇంత బాధ ఉండదు. ఆ బుల్లెట్లకు రాగి తొడుగు ఉంటుంది, పీడనం కూడా ఎక్కువ. వాటిలో ఒకటైన .223 తూటాకి గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 55,000 పౌండ్లు, .22 ఎల్‌ఆర్‌కి 24,000. ఆ వేడికి, ఆ ఒత్తిడికి పేరుకున్న మసి చాలావరకు తనే ఊడిపోతుంది. అందుకే సెంటర్‌ఫైర్‌వి చాలావరకు వెల్డింగ్ చేసి మూసేస్తారు. రిమ్‌ఫైర్‌కి మాత్రం విప్పే వీలు లేనిది ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. కొన్నాళ్లకు అది సీసం నిండిన గొట్టం అవుతుంది.

మన క్లబ్బులో కాల్చేవాళ్లకు ఇది కొత్త కాదు. తూటా కూర్చునే ఛాంబర్ ముందు ఉంగరంలా కట్టే సీసం, దాన్ని వెనక నుంచి మూసే బోల్టు ముఖాన మైనం కలిసిన మసి మీరంతా చూసినవే. సప్రెసర్‌లో అదే సరుకు, చాలా ఎక్కువ మోతాదులో.

గన్‌ఫౌండ్రీ_టు_బెల్లందూర్:
కోచ్ సార్, ఒక డౌట్. మోనోకోర్ అని ఒకటుంటది గద, లోపల మొత్తం ఒక్కటే కడ్డీ లెక్క ఉంటది. ఒక్క ముక్క బయటికి తీస్తే పనైపాయె. పది బాఫిళ్లు వరుసగ పెట్టుకునుడు కంటే అదే అల్కగ కాదా?

డల్లాస్_అన్న:
తమ్ముడూ, కొత్తగా ఉన్నప్పుడు అలాగే అనిపిస్తుంది. నేను బెంగళూరు వదిలి డల్లాస్ వచ్చి చాలా ఏళ్లయింది, ఈ ఫోరం మాత్రం వదల్లేదు. ఇక్కడ మా రేంజ్‌లో అందరి చేతుల్లోనూ ఇవే కాబట్టి చూసింది చెప్తాను.

మోనోకోర్ ఒకే ముక్క, నిజమే. కానీ అది ట్యూబులోకి బిగుతుగా జారి కూర్చుంటుంది. దాని పక్కలంతా తెరిచే ఉంటాయి. మసి, సీసం ఆ పక్కల నుంచి వచ్చి కోర్‌కీ ట్యూబుకీ మధ్య సందులో చేరతాయి. కొన్ని పెట్టెల తూటాలు కాల్చేసరికి రెండూ అతుక్కుపోతాయి. అప్పుడు మూతలు విప్పి చేత్తో లాగితే రాదు. చెక్క ముక్క పెట్టి సుత్తితో తట్టాలి. మా రేంజ్‌లో ఒకాయన అలా తట్టీ తట్టీ మరల కొసలు నలగ్గొట్టి, కంపెనీకి పంపి, తిరిగి వచ్చేదాకా కూర్చున్నాడు. మోనోకోర్‌లోనే దీనికి విరుగుడు కనిపెట్టింది సైలెన్సర్‌కో వాళ్ల స్పారో. అందులో కోర్‌కీ బయటి ట్యూబుకీ మధ్య రెండు అర్ధచంద్రాకారపు తొడుగులు ఉంటాయి. మసి ఆ తొడుగుల లోపలే ఆగిపోతుంది. బయటి ట్యూబు సులువుగా జారి వస్తుంది, తర్వాత రెండు తొడుగులు చెరో పక్కకి విడదీస్తే కోర్ చేతికొస్తుంది. చాలా తెలివైన ఏర్పాటు.

విడి బాఫిళ్ల రకంలో చూడాల్సింది వాటి అంచులు. ప్రతి బాఫిల్‌కీ గిన్నెలా అంచు ఉండి, ఒకదానిలో ఒకటి నొక్కుకుని కూర్చుంటే లోపల వాటంతట అవే ఒక గొట్టంలా ఏర్పడతాయి. మురికంతా ఆ గిన్నెల లోపలే ఉంటుంది, బయటి ట్యూబుని తాకదు. రూగర్ వాళ్ల సైలెంట్-ఎస్‌ఆర్ ఇలా క్లిక్‌మని కలుసుకునే రకం. ఆ వరస మొత్తం ఒక్క తోపుతో బయటికి వస్తుంది. అదే అంచులు సరిగా కలవని బాఫిళ్లయితే మోనోకోర్ కథే మళ్లీ.

కాబట్టి దుకాణంలో అడగాల్సింది "ఎన్ని ముక్కలు?" అని కాదు. "మసి ఎక్కడ ఆగుతుంది, ట్యూబు గోడకు చేరుతుందా?" అని అడగాలి. చాలా దుకాణాల్లో వాడిన డెమో పీసు ఒకటి ఉంటుంది. కొత్తది కాదు, మురికిగా ఉన్న దాన్నే విప్పి చూపించమనండి.

పీణ్య_లేత్:
లోహం గురించి నేను చెప్తాను. పీణ్యలో మా షాపులో స్టెయిన్‌లెస్, అల్యూమినియం, టైటానియం మూడూ కోస్తాం. (మోడరేటర్ గారు కంగారు పడొద్దు, పంపు విడిభాగాలు.)

కడిగే వీలు కావాలంటే బాఫిళ్లు స్టెయిన్‌లెస్‌వే ఉండాల. ఈ పనికి ఎక్కువగా వాడేది 17-4 పీహెచ్. పదిహేడు శాతం దాకా క్రోమియం, నాలుగు శాతం దాకా నికెల్, వేడి చేసి గట్టిపరిచిన స్టీలు. బ్రష్షుతో గీకినా, అల్ట్రాసోనిక్‌లో పెట్టినా, క్షారం తగిలినా తట్టుకుంటాది.

అల్యూమినియం తేలిక, ధర తక్కువ. కానీ మెత్తన. బయట అనోడైజ్ పొర ఉంటాది, ఘాటు డిగ్రీజర్ తగిలితే ఆ పొర పోతాది, అడుగున లోహాన్నీ తినేస్తాది. కాస్టిక్‌లో అల్యూమినియం వేస్తే బుడగలు పొంగేది ఎవరైనా చూసే ఉంటారు. ఇనుప మొన పెట్టి సీసం గీకితే సీసంతో పాటు అల్యూమినియం కూడా లేస్తాది. రంధ్రం అంచు చెడితే బుల్లెట్ దారికి అడ్డం వచ్చేదాకా పోతాది వ్యవహారం.

టైటానియం రసాయనాలకు గట్టిది, బరువు స్టీల్లో సగం కంటే కొంచెం ఎక్కువ. బయటి ట్యూబుకి బాగుంటాది. మొదటి బాఫిల్‌కి మాత్రం నేనైతే స్టీలే కోరుకుంటా. కాలీకాలని మందు రేణువులు మొదట కొట్టేది దాన్నే. ట్యూబు టైటానియం, బాఫిళ్లు 17-4 అన్న కలయిక నా మనసుకు సరైనది. డెడ్ ఎయిర్ వాళ్ల మాస్క్ అదే. రగ్గెడ్ వాళ్ల ఆక్యులస్ స్టెయిన్‌లెస్, పైగా రెండు పొడవుల్లో వాడుకోవచ్చు.

హోసూరు_రోడ్:
బాగా చెప్పారు. మనకి పీణ్యలో ఇన్ని లేత్‌లు ఉన్నాయి కదా, ఎయిర్ రైఫిల్‌కైనా ఒకటి...

మోడరేటర్:
ఇక్కడితో ఆపండి. వద్దు. ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు లేకపోయినంత మాత్రాన దానికి తగిలించేదానికి అనుమతి ఉన్నట్టు కాదు. ఇంకొకసారి ఈ దిశగా రాస్తే ఖాతా ఆపేస్తాను.

హోసూరు_రోడ్:
అర్థమైంది సార్, క్షమించండి. ఇంకో ప్రశ్న, ఇది చట్టం గురించే. కంపెనీ నన్ను హెచ్-1బీ మీద డల్లాస్ పంపుతోంది. అక్కడికి వెళ్లాక నేను కొనుక్కోవచ్చా?

డల్లాస్_అన్న:
మన పిల్లలు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు, జాగ్రత్తగా చదువు తమ్ముడూ. టెక్సస్‌లో సప్రెసర్ చట్టబద్ధం. కానీ కేంద్ర చట్టం ప్రకారం వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు, అంటే హెచ్-1బీ, ఎఫ్-1, విజిటర్ వీసా వాళ్లు, తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోకూడదు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి, ముఖ్యమైనది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే వేట లైసెన్సు. చట్టం దృష్టిలో సప్రెసర్ కూడా తుపాకి కిందే లెక్క. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ అడ్డు లేదు. నీ కేసు ఏదైనా సరే అక్కడి న్యాయవాదిని అడగకుండా ముట్టుకోవద్దు. వీసా పోతే తుపాకి సంగతి అటుంచు, బతుకుతెరువే పోతుంది.

వైట్‌ఫీల్డ్_తమ్ముడూ, ఇది నీకూ పనికొస్తుంది. నువ్వు విజిటర్ వీసా మీద అన్నయ్య దగ్గరికి వెళ్లినప్పుడు "ఒకసారి కాల్చు" అని ఆయన చేతికిస్తే కూడా అదే సమస్య.

ఇక మీ అన్నయ్యకు కొనుగోలు పద్ధతి. 1934 నాటి నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ కింద రిజిస్టర్ అవ్వాలి. డీలరు ద్వారా ఫారం 4 (బదిలీ దరఖాస్తు), వేలిముద్రలు, ఫొటో. దశాబ్దాల పాటు 200 డాలర్ల పన్ను ఉండేది. 2025లో వచ్చిన చట్టంతో 2026 జనవరి 1 నుంచి సప్రెసర్ల మీద ఆ పన్ను సున్నా అయింది. పన్ను పోయింది గానీ రిజిస్ట్రేషన్ అలాగే ఉంది. కాలిఫోర్నియా, న్యూజెర్సీ, న్యూయార్క్, ఇల్లినాయ్ లాంటి కొన్ని రాష్ట్రాల్లో పూర్తిగా నిషేధం. రేపు ఉద్యోగం మారి న్యూజెర్సీలోని ఎడిసన్ వెళ్తే వెంట తీసుకెళ్లలేరు.

ఇంకోటి. వ్యక్తిగా ఒక్కరి పేరు మీద రిజిస్టర్ చేస్తే ఆయన లేనప్పుడు వదిన చేతికి అది అందే వీలుండటం కూడా చిక్కే. ట్రస్టు పేరు మీద తీసుకుని ఇద్దరూ అందులో ఉంటే ఆ బాధ ఉండదు. అప్పుడు ఇద్దరి వేలిముద్రలూ ఇవ్వాలి.

వైట్‌ఫీల్డ్_తమ్ముడు:
అన్నా, విజిటర్ వీసా సంగతి చెప్పి మేలు చేశారు. సంక్రాంతికి వెళ్దామనుకుంటున్నాను, అన్నయ్యకు ముందే చెప్పేస్తాను. వదినకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ట్రస్టు దారే అడుగుతాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఎన్నాళ్లకోసారి కడగాలి? ఎలా? అన్నయ్య ఫోనులో "డిష్‌వాషర్‌లో పెట్టేస్తే పోదా" అన్నాడు.

కోరమంగల_డాక్టరమ్మ:
డిష్‌వాషర్ మాట వినగానే రాయకుండా ఉండలేకపోయాను. దయచేసి వద్దని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. వంటింటి సింకు వద్దు, గిన్నెలు తోమే స్పాంజి వద్దు.

ఆ మసి సీసం. పిల్లల విషయంలో సీసానికి సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. నోటి ద్వారా లోపలికి వెళ్లిన సీసాన్ని పెద్దల కంటే పిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువగా పీల్చుకుంటుంది. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021లో పిల్లల రక్తంలో సీసానికి హెచ్చరిక స్థాయిని డెసిలీటరుకి 5 మైక్రోగ్రాముల నుంచి 3.5కి తగ్గించింది. రక్తంలో ఉన్నది నెల రోజుల్లో సగానికి తగ్గుతుంది గానీ ఎముకల్లో చేరింది ఏళ్ల తరబడి ఉంటుంది. తల్లి గర్భవతి అయితే అదే ఎముకల నుంచి బయటికి వచ్చి బిడ్డకు చేరుతుంది.

మన బెంగళూరుకీ ఈ విషయానికీ సంబంధం ఉంది, చాలామందికి తెలియదు. సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీలో పనిచేసిన తుప్పిల్ వెంకటేశ్ గారు బ్యాటరీల్లో, రంగుల్లో, పెట్రోలులో ఉన్న సీసం పిల్లల్ని ఏం చేస్తుందో దేశానికి చూపించినవారిలో ముందువరుసలో ఉన్నారు. అంత పోరాడి పెట్రోలులోంచి తీయించిన విషాన్ని మనమే ఇంటి సింకులోకి తెచ్చుకోవడం నాకు మనసొప్పదు.

మీ అన్నయ్య పాటించాల్సినవి. చేతికి నైట్రైల్ గ్లవ్స్. పొడిగా గీకకూడదు, ఎప్పుడూ తడిపి గీకాలి, లేకపోతే రజను గాలిలో లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇంటి బయట, పిల్లలు ఆడుకోని చోట. అయ్యాక చల్లటి నీళ్లతో, సబ్బుతో చేతులు, ముఖం కడగాలి. హ్యాండ్ శానిటైజర్ సీసాన్ని తీయదు. ఆ చొక్కా విడిగా ఉతకాలి. ఆ చేతులతో బిడ్డను ఎత్తుకోవద్దు.

డల్లాస్_అన్న:
డాక్టరమ్మ గారు చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. ఇక్కడి వాళ్లు "డిప్" అంటూ వెనిగర్, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపి అందులో బాఫిళ్లు నానబెడతారు. సీసం కరిగిపోవడం చూడ్డానికి అద్భుతంగా ఉంటుంది. వీడియోలు బోలెడు. అలా కరిగింది లెడ్ ఎసిటేట్ అవుతుంది.

కోరమంగల_డాక్టరమ్మ:
అవును, అది ఇంకా ప్రమాదం. బాఫిల్ మీద గడ్డగా ఉన్న సీసం చర్మంలోంచి దాదాపు వెళ్లదు. లెడ్ ఎసిటేట్ నీళ్లలో కరిగి ఉంటుంది, చర్మంలోంచి కూడా కొంత ఇంకుతుంది, తాగితే నేరుగా విషం. మామూలు నీళ్లలా కనిపిస్తుంది, రుచికి తియ్యగా ఉంటుంది. పెరట్లో కుక్కో పిల్లో ఉన్న ఇంట్లో ఆ బకెట్టు ఉండకూడదు. కాలువలో పారబోయకూడదు.

పీణ్య_లేత్:
అల్యూమినియం బాఫిళ్లు అందులో వేస్తే బాఫిళ్లే పాడవుతాయి. ఆ మాట కూడా రాసుకోండి.

నగర్తపేట_కంసాలి:
నమస్కారమండీ. నాకు తుపాకుల సంగతి తెలియదు, మా అబ్బాయి షూటింగ్ నేర్చుకుంటున్నాడని ఈ ఫోరం చదువుతుంటాను. అల్ట్రాసోనిక్ మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. మా నగర్తపేటలో నగలు కడిగేది దాంట్లోనే.

ఆ యంత్రం సెకనుకు 40 వేల సార్లు నీళ్లను అదిరిస్తుంది. సన్నటి బుడగలు పుట్టి పగిలి సందుల్లో జిడ్డును ఊడదీస్తాయి. మైనం, మసి, నూనె అయితే బ్రహ్మాండంగా పోతాయి. నీళ్లు 50, 60 డిగ్రీల వేడి ఉండాలి, ఘాటు లేని సబ్బు నీళ్లు చాలు. వస్తువును తొట్టి అడుక్కి తగలనివ్వకూడదు, జాలీలో వేలాడాలి. కొత్త నీళ్లు పోశాక ముందు ఖాళీగా కాసేపు నడిపితే లోపలి గాలి పోయి బాగా పనిచేస్తుంది. యంత్రం సరిగ్గా పనిచేస్తుందో లేదో చూడాలంటే పలచటి అల్యూమినియం రేకు ముంచండి, చిల్లులు పడితే బాగున్నట్టు. అల్యూమినియం వస్తువుని అందులో ఎందుకు పెట్టకూడదో కూడా ఆ రేకే చెప్తుంది.

అయితే గట్టిగా అతుక్కున్న లోహపు పొర దానికి లొంగదండీ. టంకం బొట్టు అతుక్కుని ఉంటే అల్ట్రాసోనిక్ ఎంతసేపు నడిపినా అలాగే ఉంటుంది. సీసం పొర కూడా అంతే అనుకుంటున్నాను. ముందు చేత్తో తీసి, తర్వాత యంత్రంలో వేయాలి. సీసం కడిగిన తొట్టిలో ఇంకేదీ, కళ్లద్దాలు కూడా కడగవద్దు.

డల్లాస్_అన్న:
సరిగ్గా చెప్పారు పెద్దాయనా. నా పద్ధతీ దాదాపు అదే. నూనెలో ఒక రాత్రి నాననిస్తాను, నైలాన్ బ్రష్షుతో తడిమీదే రుద్దుతాను, రేకులుగా లేచిన సీసాన్ని ఇత్తడి పుల్లతో తీస్తాను. అద్దంలా మెరిసేదాకా చేయనక్కర్లేదు. బాఫిళ్లు ఒకదానిలో ఒకటి సరిగా కూర్చుని, రంధ్రం శుభ్రంగా ఉంటే చాలు. పలచటి మసి పొర వల్ల పనితనం తగ్గదు.

బిగించే ముందు బాఫిళ్ల బయటి అంచులకూ, మూతల మరలకూ సిలికోన్ నూనె పలచగా పూస్తే తర్వాతిసారి విప్పడం సగం తేలికవుతుంది. ముఖ్యమైన చిట్కా ఇదే. కొత్తది ఇంటికి తెచ్చిన రోజునే, ఒక్క తూటా కాల్చకముందే ఇది చెయ్యాలి.

ఎన్నాళ్లకోసారి అంటే, 300 నుంచి 500 తూటాల మధ్య విప్పడం ఇక్కడ చాలామంది అలవాటు. పిస్టల్ మీద వాడితే ఇంకా తొందరగా, పొట్టి బారెల్‌లో మందు పూర్తిగా కాలదు కాబట్టి. తూటాలు లెక్కపెట్టడం మరిచిపోయే రకమైతే ఇంకో దారి ఉంది. కొత్తగా ఉన్నప్పుడు చిన్న త్రాసు మీద బరువు చూసి మూత మీద రాసుకోవాలి. లోపల సీసం పేరుకునే కొద్దీ బరువు పెరుగుతుంది. ఆ త్రాసు వంటింటిది కాకూడదు. డాక్టరమ్మ గారు తిట్టకముందే నేనే చెప్తున్నా.

గన్‌ఫౌండ్రీ_టు_బెల్లందూర్:
అన్నా, తూటా మార్చినా మురికి తగ్గుతదా?

రేంజ్_కోచ్:
తగ్గుతుంది, కానీ ఇక్కడ ఒకటి కావాలంటే ఒకటి వదులుకోవాలి. రాగి పూత ఉన్నవాటిలో సీసం తక్కువ రాలుతుంది. సీసీఐ మినీ-మ్యాగ్ అలాంటిది. కానీ దాని వేగం సెకనుకు 1,235 అడుగులు, ధ్వని వేగాన్ని దాటుతుంది. మామూలు వాతావరణంలో ధ్వని వేగం 1,125 అడుగుల దగ్గర. దాటితే బుల్లెట్ గాలిలోనే ఛట్‌మంటుంది, ఆ చప్పుడును ఏ సప్రెసరూ ఆపలేదు. గుర్రాలు బెదరకుండా ఉండాలంటే 1,070 అడుగుల స్టాండర్డ్ వెలాసిటీ వాడాలి. అవి చాలావరకు పూత లేని సీసం. మన పోటీల్లో వాడే మ్యాచ్ తూటాలు కూడా అదే వేగం దగ్గర, అదే ఉత్త సీసం. కాబట్టి మీ అన్నయ్య అవసరానికి మురికి తప్పదు, అందుకే విప్పడం సులువుగా ఉండాలని ఇంతగా అంటున్నాం.

చెవుల మాట కూడా చెప్పాలి. సప్రెసర్ లేకుండా .22 రైఫిల్ చప్పుడు 140 డెసిబెల్స్ చుట్టుపక్కల ఉంటుంది. మంచి సప్రెసర్, నెమ్మది తూటా కలిస్తే 115 చుట్టుపక్కలకు దిగుతుంది. తేడా చాలా పెద్దదే. అయినా నేర్చుకునే పిల్లాడికి చెవి రక్షణ మానొద్దు. వాడికి అలవాటుగా మారాల్సింది అదే. రేపు ఇంకో రేంజ్‌కి వెళ్తాడు, పక్కవాడి తుపాకికి సప్రెసర్ ఉండదు. మన హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 25 మీటర్ల పిస్టల్‌లో ఆసియా క్రీడల పతకాలు తెచ్చింది, ఆ పిస్టలూ .22నే. అక్కడ ఎవరూ చెవులు మూసుకోకుండా లైన్ మీద నిలబడరు.

10/22 గురించి ఒకటి. అది తనంతట తను తెరుచుకుని మూసుకునే రైఫిల్. సప్రెసర్ తగిలిస్తే ముందుకు పోవాల్సిన గ్యాస్‌లో కొంత వెనక్కి, ఛాంబర్ గుండా ముఖం మీదికి వస్తుంది. కళ్లద్దాలు తప్పనిసరి. రైఫిల్ లోపల కూడా తొందరగా మసి పడుతుంది, సప్రెసర్ విప్పిన రోజే బోల్టు కూడా శుభ్రం చేయాలి. పిల్లాడికి నేర్పడానికే అయితే చేత్తో బోల్టు తిప్పే సీజెడ్ 457 లాంటిది ఇంకా మంచిదని నా అభిప్రాయం. గ్యాస్ ముఖానికి రాదు, ఒక్కో తూటాకి ఆగి ఆలోచించడం వస్తుంది.

పీణ్య_లేత్:
బిగింపు గురించి మరిచిపోయినారు. .22కి అక్కడ అరంగుళం వ్యాసం, అంగుళానికి 28 మరలు మామూలు కొలత. సప్రెసర్ వెనక అంచు బారెల్ భుజానికి సమంగా ఆనాల. మధ్యలో మసి రేణువు ఉన్నా వంకరగా కూర్చుంటాది, బుల్లెట్ బాఫిల్‌ను రాసుకుంటాది. ఒకసారి తగిలితే ఆ బాఫిల్ పోయినట్టే. కాలుస్తుంటే మరలు వదులవుతాయి, అప్పుడప్పుడూ చేత్తో తిప్పి చూడాల. చూసే ముందు రైఫిల్ ఖాళీ చేయాల, మ్యాగజైన్ తీసి, ఛాంబర్ కంటితో చూసి.

వైట్‌ఫీల్డ్_తమ్ముడు:
నిన్న రాత్రి అన్నయ్యతో ఈ మొత్తం చదివి వినిపించాను. ఆయన మూడింటి మధ్య ఊగుతున్నాడు: డెడ్ ఎయిర్ మాస్క్, రూగర్ సైలెంట్-ఎస్‌ఆర్, స్పారో. దుకాణంలో అల్యూమినియంది ఒకటి చాలా తేలిగ్గా, చవగ్గా ఉందని కూడా అన్నాడు.

డల్లాస్_అన్న:
అల్యూమినియం వేటకు అడవిలో రోజంతా మోసుకు తిరిగేవాడికి. ఏడాదికి కొన్ని తూటాలు కాలుస్తాడు, బరువు తగ్గితే చాలు వాడికి. పొలంలో పిల్లాడితో పెట్టెలు పెట్టెలు కాల్చేవాళ్లకు కాదు.

మిగతా మూడింటిలో ఏది తీసుకున్నా పశ్చాత్తాపపడరు. నా ఓటు చెప్పమంటే, రూగర్ సైలెంట్-ఎస్‌ఆర్ లేదా మాస్క్. విడి బాఫిళ్లయితే ఒకటి చెడినా ఆ ఒక్కటే కంపెనీకి చెప్పి మార్పించుకోవచ్చు. మోనోకోర్‌లో ఒక రంధ్రం చెడితే మొత్తం కోర్ పోతుంది. బాఫిల్ మార్చడం కూడా ఇంట్లో చేసేది కాదు, కంపెనీ ద్వారానే జరగాలి. విడిభాగాలు అదనంగా దగ్గర పెట్టుకోవడం కూడా చట్టానికి వ్యతిరేకం.

విప్పేటప్పుడు ఫోనుతో ఒక ఫొటో తీసుకోమను. వరస తప్పితే, ముఖ్యంగా మొదటి బాఫిల్ స్థానం తప్పితే మంచిది కాదు. ఇప్పుడు వచ్చే మోడళ్లలో చాలావాటికి గుర్తులు ఉంటాయి, అయినా ఫొటో తీసుకోమను.

వైట్‌ఫీల్డ్_తమ్ముడు:
మాస్క్‌కి మొగ్గాడు అన్నా. శనివారం దుకాణంలో వాడిన పీసు విప్పి చూపిస్తామన్నారట, అది చూశాకే ఫారం నింపుతాడు. వదిన ఒక్కటే అడిగింది. కడిగిన నూనె, గుడ్డలు, ఆ సీసం రేకులు ఎక్కడ పారేయాలి? చెత్త బుట్టలో వేయొచ్చా?

కోరమంగల_డాక్టరమ్మ:
చాలా మంచి ప్రశ్న అడిగింది ఆవిడ. చెత్త బుట్ట కాదు, నేల మీదా కాదు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో అన్నీ వేసి, పైన "సీసం" అని రాసి, పిల్లలకు అందని చోట ఉంచాలి.

డల్లాస్_అన్న:
ఇక్కడ చాలా నగరాల్లో, కౌంటీల్లో ఇంటి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే కేంద్రాలు ఉంటాయి. పాత బ్యాటరీలు, రంగు డబ్బాలు ఇచ్చే చోటే. డబ్బా నిండాక అక్కడ ఇచ్చేయాలి. వాళ్ల కౌంటీ వెబ్‌సైట్‌లో ఏ రోజు తెరుస్తారో ఉంటుంది, చాలాచోట్ల ముందుగా సమయం తీసుకోవాలి. సప్రెసర్ ఆమోదం వచ్చేలోపు ఆ డబ్బా, గ్లవ్స్, విడి బ్రష్షు, సిలికోన్ నూనె కొని గరాజులో పై అరలో పెట్టుకోమని చెప్పు.